అమ్మ వెంట వచ్చిన మనిషి

మా ముత్తాత పదకొండు ఊళ్ళకు దేశ్‌ముఖ్. ఆయన గడి ముందు నుంచి నడిచేవాడు ఎవడైనా సరే, చెప్పులు విప్పి చంకలో పెట్టుకోవలసిందే. ఆయన కొడుకు, అంటే మా తాత, నిజాం దర్బారులో తనకంటూ ఒక చోటు ఉన్నవాడు. కూర్చునే చోటు కాదు, నిలబడే చోటు. కానీ ఆ చోట మరొకరు నిలబడకూడదు. మా తాత తమ్ముడు ఒక తాలూక్‌దారును, అంటే ఆనాటి కలెక్టరును, పొద్దంతా వాకిట్లో ఎండలో ఉంచి, దీపాలు పెట్టేవేళ బయటికి వచ్చి, "ఏం పనిమీద వచ్చినట్టు?" అని అడిగినవాడు. మా నాన్న కాలానికి ఊళ్ళు పోయాయి, భూములు పోయాయి, గడికి తాళం పడింది. ఆయన చివరి రోజుల్లో హైదరాబాదులో అద్దె ఇంట్లో కూర్చుని, మా ఇంటి బిరుదులు ఏ వరుసలో రావాలో నాకు నేర్పేవాడు. నేను వాటిని ఎక్కడా రాసుకోలేదు. నోయిడాలో ఒక కంపెనీ లెక్కల విభాగంలో అటువంటివాటికి చోటు లేదు. కానీ ఇప్పటికీ అవి నాకు నోటికి వచ్చు.

వంగడం మాకు నేర్పలేదు. ఆ కారణంగా నా ఉద్యోగం ఎక్కడ మొదలైందో దాదాపు అక్కడే ముగిసింది. దానికి నాకు విచారం లేదు. పెళ్ళి కూడా చేసుకోలేదు. మా స్థాయికి తగిన సంబంధాలు రాలేదు. వచ్చిన సంబంధాలకు మేమే తగమన్న సంగతి మా అమ్మ ఒప్పుకోలేదు.

ఇదంతా ముందుగా చెప్పడానికి కారణం ఉంది. నేను ఎవరి చేతుల్లో పెరిగానో చెప్పాలంటే, ఆ చేతులు ఎవరి సొత్తో ముందు చెప్పాలి.

మా వైపు దొరల ఇళ్ళలో పెళ్ళికూతురు అత్తవారింటికి వచ్చేటప్పుడు సామానుతో పాటు ఒక ఆడపిల్లను కూడా పంపేవారు. ఆ పిల్లను ఆడబాప అనేవారు. ఆమెకు జీతం ఉండదు, పెళ్ళి ఉండదు, సెలవు ఉండదు. పెళ్ళికూతురు ఆ ఇంటికి దొరసాని అవుతుంది. ఆడబాప దొరసాని మనిషి అవుతుంది, అంతే. మా అమ్మ వెంట వచ్చిన పిల్ల వయసు ఎంతో ఎవరూ అడగలేదు. పాల పళ్ళు ఊడి ఇంకా అన్నీ రాలేదని మాత్రం మా నాయనమ్మ చెప్పేది. ఆ పిల్ల పేరు నాకు తెలుసు. ఇంటిల్లిపాదీ ఆ పేరుతోనే అరిచి పిలిచేవాళ్ళం. ఇక్కడ రాయను. మా అమ్మ పేరు రాయనప్పుడు ఆమె పేరు రాయడం మర్యాద కాదు.

పెళ్ళయిన పదేళ్ళకు నన్ను కన్నది మా అమ్మ. కన్న తరువాత దొరసానులు చేయవలసిన పని ఏమీ ఉండదు. నీళ్ళు పోసింది, అన్నం తినిపించింది, జ్వరం వస్తే పక్కన కూర్చున్నది ఆడబాపే. దేవతలాంటి మనిషి అని మాత్రం అనలేను. ఆమె తొడపాశం పెడితే మూడు రోజులు నల్లగా ఉండేది. పదిమందిలో నన్ను "చిన్నదొరా" అని పిలిచి, ఎవరూ లేనప్పుడు "ముక్కు చీదుకునుడు రాదు గని దొరతనం జేస్తవట" అనేది. ఒకసారి మెట్ల మీద పడి మోచెయ్యి చీరుకుపోయింది. అమ్మ తలుపు దగ్గర నిలబడి చూసి, "దొరలు ఏడువరు" అని చెప్పి లోపలికి పోయింది. ఆడబాప నన్ను వంటింటి వెనక్కి లాక్కుపోయి పసుపు అద్దింది.

"ఏడువు. ఇక్కడెవ్వలు లేరు. జల్ది ఏడ్చి వొడగొట్టు, నాకు బియ్యం ఏరేదున్నది."

నేను ఏడ్చాను. ఆమె బియ్యం ఏరింది.

మా అమ్మను కూడా తక్కువ చేసి చెప్పను. గడి మీదికి జనం వచ్చిన రోజు నాన్న ఇంట్లో లేడు. మధ్యాహ్నం వేళ, ధాన్యపు కొట్టు పగలగొట్టడానికి గొడ్డళ్ళతో వచ్చారు. అమ్మ ఒంటి మీద ఉన్న నగలన్నిటితో సహా వాకిట్లోకి వచ్చి నిలబడి, తాళాలగుత్తి వాళ్ళ కాళ్ళ దగ్గర పడేసింది. "తీస్కపోండ్రి. గని చెప్పులు బయట విడువున్రి," అంది. వాళ్ళు విడిచారు. చెప్పులు విడిచి, కొట్టంతా ఖాళీ చేసుకొని పోయారు. నేను స్తంభం పక్కన నిలబడి చూశాను. మనిషి అంతా పోగొట్టుకుంటూ కూడా ఎలా నిలబడాలో ఆ రోజు నేర్చుకున్నాను.

ఆ ఆడబాపకు ఒక కూతురు పుట్టింది. నా చెల్లెలు పుట్టిన రెండేళ్ళకు. తండ్రి ఎవరని ఎవరూ అడగలేదు, ఎందుకంటే అడగవలసిన అవసరం లేదు. మా నాన్నకు మధ్యలో ఎత్తు లేచి కొస వంగిన ముక్కు ఉండేది. ఆ ముక్కు నాకు రాలేదు, నా చెల్లెలికి రాలేదు. ఆ పిల్లకు వచ్చింది. మా అమ్మ ఆ పిల్లను చూసిన ప్రతిసారీ ముందు ముక్కు చూసేది, తరువాత ఏదో ఒక పని చెప్పేది.

చెల్లెలి పెళ్ళినాటికి ఆడబాపలను పంపే ఆచారం ఎక్కడా లేదు. చచ్చిపోయింది. మా ఇంట్లో మాత్రం అమ్మ దాన్ని చావనీయలేదు. కట్నంగా ఇవ్వడానికి మా దగ్గర పెద్దగా ఏమీ మిగలలేదు గనక, ఇవ్వగలిగినదాన్ని ఇచ్చింది. ఢిల్లీలో పెద్ద ఉద్యోగంలో ఉన్న బావ వెంట చెల్లెలు వసంత్ కుంజ్‌లో కాపురానికి వచ్చినప్పుడు, ఆ పిల్ల కూడా అదే రైల్లో వచ్చింది. బావ స్నేహితులకు చెల్లెలు "మా మెయిడ్" అని చెప్పుకునేది. నాన్న అప్పటికి పోయాడు. ఆయన ఉంటే ఏమనేవాడో నేను ఊహించి రాయను.

అందరం ఢిల్లీకి చేరింది అలాగే. నాకు నోయిడాలో ఉద్యోగం, మయూర్ విహార్‌లో మూడో అంతస్తు ఫ్లాటు, లిఫ్టు లేదు. అమ్మ పైకి ఎక్కిన తరువాత మళ్ళీ తన కాళ్ళతో కిందికి దిగలేదు. "కింద ఏమున్నది దిగనీకి?" అనేది. కింద ఉన్నదంతా ఆడబాపదే. పాల బూత్, వారం సంత, నీళ్ళు వచ్చే వేళ, గ్యాసువాడితో తగువు, కొత్తిమీర కొసరు. రెండేళ్ళు తిరిగేసరికి ఆమె హిందీలో నాకన్నా బాగా తిట్టేది. ఎదురింటివాళ్ళు, కిందింటివాళ్ళు ఆమెను "మాతాజీ" అని పిలిచేవారు. మెట్ల మీద ఎదురైతే పిల్లలు ఆమె కాళ్ళకు దండం పెట్టేవారు. మొదట్లో బెదిరిపోయి గోడకు అంటుకుపోయేది. తరువాత అలవాటు పడి, తలమీద చెయ్యి పెట్టి "జీతే రహో" అనడం మొదలుపెట్టింది. పైకి వచ్చి, తలుపు మూసి, అమ్మ మంచం పక్కన నేల మీద కూర్చునేది. ఆ ఇంట్లో ఆమె కుర్చీ మీద కూర్చోగా నేను చూడలేదు.

వాళ్ళు ఆమెను నా తల్లి అనుకుంటున్నారని నాకు చాలాకాలం తెలియదు. తెలిసిన తరువాత కూడా సరిదిద్దలేదు. ఎవరి తల్లి ఎవరని మెట్ల మీద నిలబడి విడమరచి చెప్పే అలవాటు మాకు లేదు.

ఇంతలో వసంత్ కుంజ్‌లో ఆ పిల్ల లేచిపోయింది. సివిల్స్ చదివే తెలుగు పిల్లల కోసం కరోల్ బాగ్‌లో మెస్ నడిపే ఒక వంటవాడితో. గుంటూరు వైపు మనిషి. సంతలో పరిచయమట. గుడిలో దండలు మార్చుకున్నారు. చెల్లెలు ఫోన్ చేసి, "అన్నయ్యా, ప్రెషర్ కుక్కర్ స్టవ్ మీద పెట్టి మరీ పోయింది, విజిల్స్ వస్తనే ఉన్నయి, చూస్తే మనిషి లేదు," అని ఏడ్చింది. అమ్మ ఆ రోజు అన్నం మానలేదు. చెయ్యి కడుక్కొని, "ఇంక దాని పేరు ఈ ఇంట్ల ఎత్తొద్దు," అంది. ఆడబాప నేల తుడుస్తోంది. తుడవడం ఆపలేదు.

ఆ తరువాత ఏడాదో ఏడాదిన్నరకో అమ్మ స్నానాలగదిలో జారి పడింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయింది గానీ మళ్ళీ నడవలేదు. ఆంబులెన్సు వాళ్ళు ఆమెను మెట్ల మీద నుంచి కుర్చీలో దింపుతుంటే ఎముక కదులుతున్న చప్పుడు నాకు వినిపించింది. అమ్మ నోట్లోంచి మాత్రం ఏమీ రాలేదు. ఆసుపత్రిలో డాక్టరు, నొప్పి లేదా అని ఇంగ్లీషులో అడిగితే, నా వైపు తిరిగి "నొప్పి లేదా అని ఎవరిని అడుగుతున్నడో అడుగు," అంది. అప్పటినుంచి లేపడం, పక్కకు తిప్పడం, కడగడం, బెడ్‌పాన్ పెట్టడం, జడ వేయడం అన్నీ ఆడబాపే. అమ్మ మరో చేతిని ఒంటిమీద పడనిచ్చేది కాదు. నా చేతిని కూడా.

ఆ ఏప్రిల్‌లో, మా వీధి చివర మెట్రో స్తంభాలు లేస్తున్న రోజుల్లో, ఆడబాప ఒక సాయంత్రం అమ్మ కాళ్ళకు నూనె రాస్తూ మాట ఎత్తింది. నేను అదే గదిలో పేపరు చదువుతున్నాను.

"దొరసానీ, పిల్లకు నెలలు నిండొస్తున్నయట."

"ఏ పిల్లకే?"

"నా పిల్లకు."

"నీకు పిల్ల యాడిది? ఉన్నొక్కటి నా బిడ్డ ఇంట్లకెల్లి లేచిపాయె. పోయిననాడే సచ్చింది. సచ్చినదానికి కాన్పేంది?"

ఆమె చెయ్యి ఆగలేదు. మడమ నుంచి మోకాలి దాకా, మళ్ళీ మోకాలి నుంచి మడమ దాకా. "రెండుసార్లు కడుపు పోయింది దొరసానీ. ఇది మూడోది. నిలవాలంటే నాకు బట్ట పెట్టి పంపు. నీ కాల్మొక్త."

బట్ట అంటే ఏమిటో చెప్పాలి. మా గడిలో ఆడబాపను విడిచిపెట్టే పద్ధతి ఒక్కటే. ఇంటి దొర తన చేత్తో ఆమె భుజం మీద ఒక కొత్త బట్ట కప్పాలి. చీరయినా కావచ్చు, కండువా అయినా కావచ్చు. బట్ట పడితే ఆమె ఇక ఆ ఇంటి మనిషి కాదు. తిరిగి రాకూడదు, ఆ ఇంటి పని ముట్టుకోకూడదు. బట్ట పడకుండా గడప దాటితే ఆ పాపం ఆమె కడుపును, ఆమె బిడ్డల కడుపును తింటుందని ఆడబాపలందరూ నమ్మేవారు. మా వాళ్ళే నమ్మించి ఉంటారు. తాళం కన్నా అది చవక. తన ముడి తెగకముందే కూతురు తెంపుకొని పోయింది గనక ఆ పిల్లకు కడుపు నిలవడం లేదని, తల్లికి బట్ట పడితే ఇద్దరి ముడీ తెగుతుందని ఆమె లెక్క. నేను నమ్మను. కానీ నమ్మే మనిషికి నా చదువుతో పని లేదు. కరోల్ బాగ్ రెండు బస్సుల దూరం. ఆమె సంతకు పోయినట్టే పోయి ఆ పిల్లను చూసి రావచ్చు. ఒక్కసారి కూడా పోలేదు, కబుర్లు సంతలోనే వినేది. తన నీడ పడితే ఆ కడుపు కూడా పోతుందని భయం.

"బట్ట పెడితే నన్నెవరు లేపుతరు?" అంది అమ్మ. "నన్నెవరు కడుగుతరు? నీ మెస్సోడు అస్తడా గరిటె పట్టుకొని?"

"చిన్నదొర ఎవర్నన్న పెడతడు."

"పో. నిన్నెవరు పట్టుకున్నరు? తలుపు తీసే ఉన్నది. నీ బిడ్డ పోయినట్టే పో."

ఆమె అలా పోదని అమ్మకు తెలుసు. తెలిసే తలుపు చూపించింది.

నేను పేపరు దించాను. "అమ్మా, పెట్టెలో చీరలున్నయి గద. ఒకటి పెట్టి పంపితే ఏంబోయె?"

అమ్మ నా వైపు తల తిప్పింది. పడుకొని ఉన్న మనిషి పైనుంచి చూడడం అందరికీ చేతకాదు. మా అమ్మకు చేతనవును.

"నేను పెడితే చెల్లదు. దొర చెయ్యి పెట్టాలె. మీ నాయన పాయె. ఇగ నువ్వా? పొద్దున లేచి టిఫిన్ డబ్బా సంకల పెట్టుకొని బస్సెంట ఉరికేటోనివి. నీ చేతి బట్టా ఒక బట్టనా?"

ఆడబాప నూనె గిన్నె తీసుకొని వంటింట్లోకి పోయింది. పోతూ నా వైపు ఒకసారి చూసింది. అది జాలి కాదు, వేడుకోలు కాదు. సంతలో వంకాయను నొక్కి చూసినట్టు చూసింది.

మే నెలలో మా కాలనీ వాళ్ళు మాతృదినోత్సవం పెట్టారు. కింద పార్కులో టెంటు, కూలర్లు, మైకులో పాటలు. ఒక్కో బ్లాకులో ఒక తల్లిని ఎంచుకొని శాలువా కప్పి సన్మానం చేస్తారట. కిందింటావిడ, స్కూల్లో ప్రిన్సిపాలుగా చేసి రిటైరైన పంజాబీ ఆంటీ, ముందు రోజే వచ్చి మా బ్లాకు నుంచి మాతాజీ అని చెప్పి పోయింది. పొద్దున పిలవడానికి మనిషిని పంపారు. ఆడబాప దిగలేదు. అమ్మకు స్నానం చేయించే వేళ అని చెప్పింది. అందుకని పదకొండు గంటలకు నలుగురు ఆడవాళ్ళు చెమటలు కక్కుకుంటూ మూడంతస్తులు ఎక్కి మా ఇంటికే వచ్చారు. ఒకావిడ చేతిలో కెమెరా, ఒకావిడ చేతిలో లడ్డూల డబ్బా, ఆంటీ చేతిలో మెరూన్ రంగు ఉన్ని శాలువా.

గదిలో అమ్మ మంచం మీద ఆనుకొని కూర్చుని ఉంది. ఆడబాప ఆమె జడ అల్లడం ముగించి మంచం పక్కన నేల మీద కూర్చుంది. ఆంటీ ఇద్దరినీ చూసింది. అమ్మకు నమస్కారం పెట్టి, "ఆప్ బువాజీ హోంగీ?" అని అడిగింది. మీరు మేనత్తగారు కదూ అని.

హైదరాబాదులో ఉన్న మనిషికి ఉర్దూ రాకపోవడమేమిటి. అమ్మకు ప్రతి మాటా అర్థమైంది. ఆంటీని ఒకసారి చూసి, జడ ముందుకు వేసుకుంది.

ఆంటీ నా చేతిలో శాలువా పెట్టింది. "బేటా, మా కో అప్నే హాథ్ సే ఓఢావో." కొడుకు చేత్తో తల్లికి కప్పాలట. వేలు మాత్రం ఆడబాప వైపు చూపించింది.

ఒక్క మాట చాలు. ఈవిడ మా అమ్మ, ఆవిడ కాదు అంటే సరిపోయేది. అందరూ నాలుక కరచుకొని, నవ్వేసి, మంచం వైపు తిరిగేవారు. ఆడబాప కూడా అదే అనుకుంది. నేల మీద నుంచే చెయ్యి ఎత్తి మంచాన్ని చూపించబోయింది.

నేను ఆమె ముందు నిలబడ్డాను. "లే," అన్నాను.

లేచింది. చేతులకు ఇంకా కొబ్బరినూనె ఉంది, కొంగుకు తుడుచుకుంది. నేను శాలువా మడత విప్పి, కుడిచేత్తో ఆమె ఎడమ భుజం మీద వేసి, వెనకనుంచి చుట్టి తెచ్చాను. వంగలేదు. మా నాన్న ఎలా కప్పేవాడో నేను చిన్నప్పుడు చూశాను. ఆమె నా చెయ్యిని చూసింది, తరువాత నా మొహం చూసింది. ఆమెకు అర్థమయింది. నేను కొడుకుగా కప్పడం లేదు.

ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఫోటో తీశారు. "బువాజీ కో భీ లే లో," అని ఒకావిడ, అమ్మ మంచం కూడా ఫోటోలోకి వచ్చేలా మమ్మల్ని కొంచెం జరిపింది. అందరికీ తలా ఒక లడ్డూ పెట్టారు. ఆంటీ నా భుజం తట్టి, మీలాంటి కొడుకులు ఈ రోజుల్లో ఎక్కడున్నారని హిందీలో అంది. మెట్లు దిగుతున్న చెప్పుల చప్పుడు రెండో అంతస్తు దాటేదాకా ముగ్గురం అలాగే ఉన్నాం.

అమ్మ ఒక్క మాటతో దాన్ని తీసిపారేయవచ్చు. అది సన్మానం శాలువా, బట్ట కాదు అనవచ్చు. జీతగాడి చెయ్యి చెల్లదు అని కిందటి నెల అన్నదే మళ్ళీ అనవచ్చు. ఆడబాప నమ్మేది కూడా; శాలువా విప్పి మడతపెట్టి, బెడ్‌పాన్ కడగడానికి పోయేది. అంటుందేమోనని నేను ఎదురుచూశాను.

"నడుము వంచకుంట కప్పినవు," అంది అమ్మ నాతో. "మీ నాయన గట్లనే కప్పుతుండె."

తరువాత ఆమె వైపు తిరిగింది. "బట్ట పడ్డది. ఇగ నువ్వు నా మనిషివి గాదు."

"పొద్దుమీకినంక పోత దొరసానీ. అన్నం పెట్టి, ఒకపారి పక్కకు తిప్పి..."

"నా పక్కబట్ట ముట్టకు."

"గట్లంటెట్ల..."

"ముట్టకన్న. పద్ధతి నీకు తెల్వదా? పో. మా ఆయన మనుమడో మనుమరాలో అస్తది, ఎత్తుకో పో. నా కొడుకు నాకు ఆ పాటి గూడ జెయ్యకపాయె."

ముప్పై ఏళ్ళుగా మా ఇంట్లో ఎవరూ అనని మాటను అమ్మ అలా, మంచినీళ్ళు అడిగినంత మామూలుగా అంది. ఆడబాప మొహం తెల్లబోయింది. ఆ మాట విననట్టే తన మూట కట్టుకుంది. రెండు చీరలు, దువ్వెన, గ్యాసు కంపెనీ వాళ్ళు ఇచ్చిన స్టీలు డబ్బా.

చాలామంది తల్లులు ప్రేమ కోసం పద్ధతిని తప్పుతారు. వాళ్ళను మెచ్చుకుంటూ రాసినవి నేను చదివాను. మా అమ్మ తనను తాను లేపుకోలేని స్థితిలో, తనను లేపే ఒకే ఒక్క మనిషిని, పద్ధతి తప్పకుండా పంపించింది. కరుణతో కాదు. నన్ను ఎగతాళి చేయడం వేరు; బట్ట కప్పేశాక నా చెయ్యి దొర చెయ్యి కాదని అంటే, మా ఇల్లు ముగిసిపోయిందని తన నోటితో అన్నట్టవుతుంది. అది మాత్రం ఆమె అనలేదు. నేను ఆ పంతమనే రాయి మీదే కాలు మోపాను. అది పగలదని నాకు తెలుసు.

ఆడబాప తలుపు దగ్గర ఆగింది. నన్ను ఏదైనా మంచి మాట అంటుందేమో అనుకున్నాను.

"మే నెల ఎండల ఉన్ని శాలువా గప్పినవు," అంది. "గొంగడి దొరకలేదా నీకు?"

"ఆటో పిలుస్త, ఉండు."

"ఆటోకు ఎవనికయ్య? నాకు బస్సు ఎరికే." మూట చంకకు మార్చుకుంది. "కుడి పక్కకు తిప్పేటప్పుడు కాళ్ళ నడుమ దిండు పెట్టు. మీ అమ్మ అరవది. అరవదు గని నొస్తది."

మెట్ల మీద కిందింటి ఆంటీ "మాతాజీ, కహాఁ చలీఁ?" అని అడగడం పైకి వినిపించింది. "బేటీ కే పాస్," అని ఆమె అనడం కూడా వినిపించింది. కూతురి దగ్గరికి.

చెల్లెలు ఆ సాయంత్రమే ఫోన్ చేసింది. "నీకు పిచ్చి లేచిందా అన్నయ్యా? అమ్మను ఎవరు చూస్తరు? నా మెయిడ్ సండే రాదు తెలుసా!" అంది. నేను ఫోన్ పెట్టేశాను.

ఏజెన్సీ నుంచి ఆయాలు వచ్చారు. మొదటి ఆమెను అమ్మ రెండో రోజే పంపించింది, చేతులు చల్లగా ఉన్నాయని. రెండో ఆమె జార్ఖండ్ పిల్ల, ఓపిగ్గానే చేసేది. ఆమెను "ఏయ్" అని తప్ప పిలవకపోతే నెల తిరక్కుండా మానేసింది. మూడో ఆమె అమ్మ తిట్లకు ఎదురు తిట్లు తిట్టింది. అమ్మకు ఆమె నచ్చింది, కానీ ఆమెకు మరో ఇంట్లో ఎక్కువ ఇస్తామన్నారు. ఆయా లేని రోజుల్లో బెడ్‌పాన్ నేనే తీసేవాణ్ణి. అమ్మ కళ్ళు మూసుకొని చేయించుకునేది.

"నిటారుగ నిలబడి ఎత్తుతున్నవు. ఒలకబోస్తవు," అనేది కళ్ళు తెరవకుండానే.

ఒలకబోశాను కూడా.

వర్షాలు మొదలయ్యాక, ఒక శనివారం మధ్యాహ్నం కరోల్ బాగ్ పోయాను. మెస్ రెండో అంతస్తులో ఉంది. పొడుగు బల్లలు, పుస్తకాలు పక్కన పెట్టుకొని తింటున్న కుర్రాళ్ళు, గోడ మీద ప్రపంచ పటం. నేను ఒక మూల కూర్చున్నాను. మా నాన్న ముక్కు ఉన్న మనిషి బకెట్‌తో నా దగ్గరికి వచ్చింది. నన్ను చూసింది. గుర్తుపట్టింది.

"సాంబార్ వెయ్యనా అన్నా?" అంది.

ఆ మెస్‌కు వచ్చే ప్రతివాడూ ఆమెకు అన్నే. వెయ్యమన్నాను. వేసి, పక్క బల్ల దగ్గరికి పోయింది. "అన్నా, నీకు పెరుగా?" అని అదే గొంతుతో అక్కడా అడిగింది.

తిన్న తరువాత వెనక గదిలోకి పోయాను. ఆడబాప చాప మీద కాళ్ళు చాపుకొని, కాళ్ళ మీద పసిపిల్లను పడుకోబెట్టుకొని ఉంది. లేవలేదు. "గట్టిగ మాట్లాడకు. ఇప్పుడే కన్ను మూసింది," అంది. ఆడపిల్ల. నెలలు నిండి, ఏ లోపమూ లేకుండా పుట్టింది. నేను నిలబడే ఉన్నాను. కూర్చోమని ఆమె అనలేదు.

"మీ అమ్మకు నడుము మీద పుండ్లు పడ్డయా?"

"పడ్డయి."

"పడతయి," అంది ఆమె. పసిపిల్ల నుదుటి మీద వాలిన ఈగను తోలింది. "అన్నం తిన్నవా?"

"తిన్న."

"పైసలు కౌంటర్ల ఇచ్చిపో. ఊకె తిన్నడని అల్లుడంటడు."

ఇచ్చి వచ్చాను. ఆమె నన్ను పెంచినప్పుడు చేసినదానిలో ఒక్కటి కూడా నా మొహం చూసి చేయలేదని అప్పుడు నాకు స్పష్టమైంది. ఆమెకు ఇచ్చిన పని చేసింది. బాగా చేసింది. తల్లి ప్రేమ అని నేను ఇన్నేళ్ళు దాచుకున్నదానికి ఆమె దగ్గర ఆ పేరు లేదు. ఆ పేరు ఆమె ఉంచుకున్నది ఇప్పుడు తన కాళ్ళ మీద పడుకొని ఉన్న పిల్లకు. అయినా నేను తిన్న ముద్దలు తిన్నవే, పోసుకున్న నీళ్ళు పోసుకున్నవే. కృతజ్ఞతకు ఎదుటివాళ్ళ అనుమతి అక్కరలేదు గనక, ఇది రాస్తున్నాను.

ఇంటికి వచ్చేసరికి అమ్మ మెలకువగా ఉంది. ఎక్కడికి పోయావని అడగలేదు. నేనే చెప్పాను, ఆడపిల్ల అని.

"ముక్కు?" అంది అమ్మ.

"నాన్నదే."

అమ్మ మొహం గోడ వైపు తిప్పుకుంది. "ఆడపిల్లకు బాగుండది," అంది.

అమ్మ ఆ తరువాత ఏడాదిన్నర బతికింది. ఆయాల జీతాల కోసం, పెళ్ళప్పుడు పుట్టింటి నుంచి ఆడబాపతో పాటు అదే బండిలో వచ్చిన ఆరు వెండి కంచాలను, పన్నీరు బుడ్డిని కరోల్ బాగ్‌లో ఒక సేఠ్ దుకాణంలో తూకానికి అమ్మాము.